హేట్ బదులు అబ్‌హోర్ అంటే సరిపోతుందా?

ప్రశ్న: నమస్తే సార్. ఆఫీసులో మా షిఫ్టు టైమింగ్స్ మార్చారు, నాకు అస్సలు కుదరడం లేదు. ఆ సంగతి మా టీమ్ లీడ్‌కి మెయిల్లో రాస్తూ 'ఐ అబ్‌హోర్ ది న్యూ షిఫ్ట్ టైమింగ్స్' అన్నాను. హేట్ అంటే మరీ మొరటుగా ఉంటుందనిపించి, దానికి సమానార్థకాలు వెతికితే డిక్షనరీలో ఈ మాట దొరికింది. కాస్త హుందాగా ఉందని వాడేశాను. మెయిల్ చూసిన వెంటనే ఆవిడ ఫోన్ చేసి 'ఏమైంది, నిన్ను ఎవరైనా ఏమైనా అన్నారా?' అని కంగారుగా అడిగారు. నేను రాసినదాంట్లో తప్పేమిటో ఇప్పటికీ తెలియలేదు. ఈ మాటకు అసలు అర్థం ఏమిటి, ఎక్కడ వాడాలి? డిటెస్ట్, లోద్, డిస్పైజ్ అని ఇంకా ఉన్నాయి కదా, అన్నిటికీ డిక్షనరీలో 'అసహ్యించుకొను' అనే ఉంది. పలకడం కూడా ఒక్కొక్కరు ఒక్కోలా పలుకుతున్నారు. కొంచెం వివరంగా చెప్పగలరు. — ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఒక మాట చెప్పాలి, మీ వాక్యంలో గ్రామర్ తప్పు ఒక్కటి కూడా లేదు. కర్త, క్రియ, కర్మ అన్నీ ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి. తేడా వచ్చింది మాట బరువు దగ్గర. మీ టీమ్ లీడ్ కంగారు పడ్డారంటే ఆవిడకి ఆ మాట బాగా తెలుసన్నమాట. షిఫ్టు మారితే ఎవరికైనా చిరాకు వస్తుంది, విసుగు వస్తుంది, కోపం కూడా వస్తుంది. కానీ అబ్‌హోర్ అనే మాట ఎవరైనా రాశారంటే అక్కడేదో జరగరానిది జరిగిందని, మనిషి మనసు ఒప్పుకోలేని పని ఏదో ఉందని చదివేవాళ్ళు అనుకుంటారు. ఆవిడ అలాగే అనుకున్నారు, అందుకే 'ఎవరైనా ఏమైనా అన్నారా' అని అడిగారు.

అబ్‌హోర్ అంటే బాగా ఇష్టం లేకపోవడం అని డిక్షనరీలు ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటాయి, చాలామంది ఇబ్బంది పడేది అక్కడే. అది ఇష్టాయిష్టాల కొలబద్ద మీద హేట్ కంటే ఒక మెట్టు పైన ఉండే మాట అనుకుంటారు, అంటే కొంచెం ఇష్టం లేకపోతే డిస్‌లైక్, బాగా లేకపోతే హేట్, ఇంకా బాగా లేకపోతే అబ్‌హోర్ అని. నిజానికి ఈ మాట ఉండే చోటే వేరు. ఒక పని నీతికి, న్యాయానికి, మనిషితనానికి విరుద్ధంగా ఉందనిపించి మనసు దాన్ని నెట్టేస్తుంది చూడండి, అక్కడిది ఈ మాట. పసిపిల్లల్ని హింసించడం, బలహీనుల్ని దోచుకోవడం, కులం పేరుతో మనిషిని దూరం పెట్టడం, ఇలాంటివాటి గురించి చెప్పేటప్పుడు 'ఐ అబ్‌హోర్ ఇట్' అంటే ఆ మాట సరిగ్గా కూర్చుంటుంది.

దీనికి నేను అందరికీ చెప్పే పరీక్ష ఒకటుంది. మీకు నచ్చని ఆ విషయం రేపటి నుంచి మీ జోలికి రాదు, ఊరూ పేరూ తెలియని ఇంకెవరికో జరుగుతుంది అనుకోండి. అప్పుడు కూడా దాని గురించి వింటే మీ ఒళ్ళు జలదరిస్తుందా? జలదరిస్తే అబ్‌హోర్ వాడండి. 'హమ్మయ్య, నా పీడ వదిలింది' అనిపిస్తే అది మీకు గిట్టని విషయం మాత్రమే, దానికి ఇంగ్లీషులో వేరే మాటలు బోలెడున్నాయి. మీ షిఫ్టు టైమింగ్స్‌ని ఈ పరీక్షకు పెట్టి చూడండి. పాత టైమింగ్స్ మీకు తిరిగి ఇచ్చేసి, కొత్తవి పక్క టీమ్‌కి ఇస్తే ఆ టీమ్ వాళ్ళ మీద మీకు జాలి కలుగుతుందేమో గానీ ఒళ్ళైతే జలదరించదు కదా!

ఒళ్ళు జలదరించడం అని ఊరికే అనలేదు. ఈ మాట పుట్టుకలోనే అది ఉంది. లాటిన్‌లో హోరేరే అని ఒక క్రియ, దానికి వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, భయంతో వణకడం అని అర్థం. దానికి ముందు 'దూరంగా' అనే అర్థమిచ్చే అబ్ చేరి అబ్‌హోరేరే అయింది, అంటే దేన్నో చూసి ఒళ్ళు గగుర్పొడిచి వెనక్కి జరగడం. అది 15వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. మనం హారర్ సినిమా అంటాం చూడండి, ఆ హారర్, హారిబుల్, హారిఫై అన్నీ ఆ హోరేరే పిల్లలే. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే ఆ లాటిన్ క్రియకీ, మన సంస్కృతంలోని హృష్ ధాతువుకీ మూలం ఒకటేనని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. హృష్ నుంచి మనకు హర్షం వచ్చింది, రోమహర్షణం వచ్చింది. సంతోషం పట్టలేనప్పుడూ, భయం పుట్టినప్పుడూ ఒంటి మీద జరిగేది ఒకటే, వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం. ఒక మూలం నుంచి వచ్చి మన వైపు అది ఆనందంగా స్థిరపడితే అటు వైపు జుగుప్సగా, భయంగా స్థిరపడింది. నాకైతే ఈ ఒక్క విషయం తెలిసినప్పటి నుంచి అబ్‌హోర్ అనే మాటను తేలిగ్గా వాడాలంటే మనసు రాదు.

అందుకే తెలుగులో దీనికి దగ్గరి మాట ద్వేషించడం కాదు. ద్వేషంలో పగ ఉంటుంది, అవతలివాడికి చెడు జరగాలనే కోరిక ఉంటుంది. అబ్‌హోర్‌లో అది ఉండి తీరాలని లేదు. ఏవగించుకోవడం, రోసిపోవడం అంటామే, అవి దీనికి బాగా దగ్గర. అబ్‌హోరెంట్ అనే విశేషణానికైతే మన ఏహ్యమైన అనే మాట చక్కగా సరిపోతుంది. 1611లో వచ్చిన కింగ్ జేమ్స్ బైబిల్లో, రోమీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయంలో, చెడును అబ్‌హోర్ చెయ్యండి, మంచిని అంటిపెట్టుకుని ఉండండి అనే అర్థం వచ్చే వాక్యం ఉంది. అక్కడ కర్మ స్థానంలో ఉన్నది మనిషి కాదు, చెడు. ఇప్పటి వాడుక కూడా ఎక్కువగా ఆ దారిలోనే ఉంది. హింసను, క్రూరత్వాన్ని, వివక్షను, అబద్ధాన్ని అబ్‌హోర్ చేస్తాం. మనుషుల మీద కూడా వాడొచ్చు, పాత సాహిత్యంలో బాగానే కనిపిస్తుంది, కానీ ఇప్పుడు ఒక మనిషి అంటే పడకపోతే లోద్ అనో డిటెస్ట్ అనో అనడమే ఎక్కువ.

ఇక పలకడం. ఇది మనవాళ్ళకి కొంచెం చిక్కే, ఎందుకంటే బీ పక్కన హెచ్ కనబడగానే మనకు 'భ' వినిపిస్తుంది, అభార్ అని పలికేస్తాం. అది 'భ' కాదు. ముందు అబ్ అని పెదాలు మూసి, తర్వాత హోర్ అని గాలి వదలాలి, రెండూ విడివిడిగా. నొక్కు రెండో భాగం మీద పడాలి, మొదటిది తేలిపోవాలి. రెండు మూడుసార్లు పైకి అనుకుంటే నోటికి పట్టేస్తుంది. నొక్కు చివర ఉండబట్టే భూతకాలంలో ఆర్ రెండుసార్లు రాస్తారు, రిఫర్, అకర్ లాంటివాటికి రాసినట్టే. అబ్‌హోరింగ్‌లోనూ, అబ్‌హోరెంట్‌లోనూ, అబ్‌హోరెన్స్‌లోనూ అంతే. మూల క్రియలో మాత్రం ఒకటే ఆర్.

వాక్యంలో పెట్టేటప్పుడు మనవాళ్ళు తడబడేది ఒకటుంది, దాని గురించి కొంచెం ఎక్కువే చెబుతాను. తెలుగులో మనం 'నాకు అబద్ధాలంటే అసహ్యం' అంటాం. అసహ్యం అనేది నాకు కలుగుతుంది, నేను చేసే పని కాదు. ఆకలి వేసినట్టు, నిద్ర వచ్చినట్టు అది మన దగ్గరికి వస్తుంది. ఇంగ్లీషు క్రియలో మాత్రం నేను కర్త అయిపోతాను, 'ఐ అబ్‌హోర్ లైస్'. మధ్యలో టు, ఫ్రమ్, ఎబౌట్ ఏవీ రాకూడదు, నేరుగా కర్మ రావాలి. అదే విశేషణం వాడితే వాక్యం మళ్ళీ మన తెలుగు దారికి వస్తుంది, 'లైయింగ్ ఈజ్ అబ్‌హోరెంట్ టు మీ', అంటే అబద్ధమాడడం నాకు ఏహ్యం. ఇక్కడ టు తప్పనిసరి. నామవాచకానికి ఆఫ్ కావాలి, 'హర్ అబ్‌హోరెన్స్ ఆఫ్ వయొలెన్స్'. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేవాళ్ళకి అబ్‌హోరెంట్ రూపం సులువుగా వస్తుందని నా నమ్మకం, వార్తల్లోనూ ఖండన ప్రకటనల్లోనూ మీకు ఎక్కువగా ఎదురయ్యేది కూడా అదే.

ఇంకో చిన్న సంగతి, 'ఐ యామ్ అబ్‌హోరింగ్' అనకండి. అది మనసులో నిలిచి ఉండే భావం, ఇప్పుడు జరుగుతున్న పని కాదు. హేట్‌తో సరదాగా మాట్లాడేటప్పుడు 'ఐ యామ్ హేటింగ్ దిస్' అని అక్కడక్కడా వినబడుతుంది గానీ అబ్‌హోర్‌తో అలా చెల్లదు. 'వెరీ మచ్' చేర్చాల్సిన అవసరం కూడా రాదు, ఆ మాటలోనే తీవ్రత నిండుగా ఉంది.

మీరు అడిగిన మిగతా మాటలకు వస్తాను. డిక్షనరీ అన్నిటికీ 'అసహ్యించుకొను' అని రాయడం వల్ల అన్నీ ఒకటే అనిపిస్తుంది, కానీ ఒక్కోదానికి ఒక్కో చూపు ఉంది.

డిస్పైజ్ మనకు అన్నిటికంటే తేలిగ్గా అర్థం కావాలి, ఎందుకంటే అది అచ్చంగా మన 'చిన్నచూపు'. లాటిన్‌లో డి అంటే కిందికి, స్పెకెరే అంటే చూడడం, రెండూ కలిస్తే పైనుంచి కిందికి చూడడం. ఎవరినైనా డిస్పైజ్ చేస్తున్నామంటే వాళ్ళంటే మనకు విలువ లేదు, గౌరవం లేదు అని. పిరికిపనులు చేసేవాడిని, డబ్బు కోసం స్నేహితుణ్ణి మోసం చేసినవాడిని డిస్పైజ్ చేస్తాం. మీరంటే భయం, గౌరవం రెండూ ఉన్న మనిషిని హేట్ చెయ్యొచ్చు గానీ డిస్పైజ్ చెయ్యలేరు. ఈ తేడా పట్టుకుంటే ఆ మాట ఎప్పటికీ తప్పుగా వాడరు.

డిటెస్ట్‌లో సాక్షి ఉన్నాడు. టెస్టిస్ అంటే లాటిన్‌లో సాక్షి, టెస్టిఫై, టెస్టమెంట్, ప్రొటెస్ట్ అన్నీ అక్కడివే. దేవుణ్ణి సాక్షిగా పిలిచి శాపనార్థాలు పెట్టడం అనేది డిటెస్ట్‌కి మొదటి అర్థం. ఇప్పుడు ఆ శాపం ఏమీ మిగల్లేదు, గట్టి అయిష్టం మిగిలింది. అబ్‌హోర్ అంత గంభీరం కాదు, నీతితో పని లేదు, ట్రాఫిక్‌ని డిటెస్ట్ చేస్తున్నా అన్నా ఎవరూ ఉలిక్కిపడరు. హేట్ కంటే కొంచెం రాతభాషగా ఉండే మాట కావాలని మీరు వెతికారు కదా, దొరకాల్సింది నిజానికి ఇది. అయినా ఆఫీసు మెయిల్లో ఇదీ ఘాటే, ఆ సంగతి చివర్లో చెబుతాను.

లోద్ పాత ఇంగ్లీషు మాట, లాటిన్ నుంచి రాలేదు. ఇందులో వికారం ఉంటుంది, కడుపులో తిప్పడం లాంటిది. దీని చరిత్రలో మనకు దగ్గరగా ఉండేది ఒకటుంది, ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు కూడా 'ఇట్ లోద్స్ మీ' అనేవాళ్ళు, అంటే మనలాగే 'నాకు అది రోత పుట్టిస్తోంది' అని. తర్వాత తర్వాత 'ఐ లోద్ ఇట్' ఒక్కటే నిలిచింది. దీని పక్కనే లోత్ అనే ఇంకో మాట ఉంది, చివర 'ఈ' (e) అనే ఇంగ్లీషు అక్షరం లేకుండా రాస్తారు, అది క్రియ కాదు విశేషణం, మనసొప్పకపోవడం అని అర్థం. 'ఐ యామ్ లోత్ టు లీవ్' అంటే వెళ్ళాలంటే మనసు రావడం లేదు అని, అందులో అసహ్యం ఏమీ లేదు. క్రియలో చివరి ధ్వని మెత్తగా 'ద్' లాగా, విశేషణంలో గాలితో 'త్' లాగా పలుకుతుంది. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు కూడా రాతలో ఈ రెంటినీ కలిపేస్తుంటారు, మీరు కలపకండి.

అవర్షన్ గురించి మీరు అడగలేదు గానీ మీ సందర్భంలో ఎక్కడైనా పనికొస్తుంది కాబట్టి చెబుతున్నా. మొహం పక్కకు తిప్పుకోవడం అనేది దాని మూలార్థం, మన 'విముఖత' అచ్చం అలాగే తయారైంది. 'ఐ హావ్ ఆన్ అవర్షన్ టు లేట్ నైట్స్' అంటే అర్ధరాత్రి దాకా మేలుకోవడం నాకు సరిపడదు అని. ఇందులో కోపం వినబడదు, అదే దీని సుఖం.

ఇప్పుడు హేట్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే మొత్తం చిక్కు మొదలైంది దాని దగ్గరే. హేట్ మొరటు మాట అని మీకు ఎవరు చెప్పారో గానీ అది పూర్తి నిజం కాదు. హేట్‌కి రెండు ముఖాలున్నాయి. హేట్ స్పీచ్, హేట్ క్రైమ్ అన్నప్పుడు అది చాలా బరువైన మాట. 'ఐ హేట్ మండేస్' అన్నప్పుడు అందులో బరువే లేదు, మనం 'అబ్బా, నాకు నచ్చదు బాబూ' అన్నట్టు. 'ఐ హేట్ టు బాదర్ యూ' అన్నప్పుడైతే అది మర్యాద, మిమ్మల్ని ఇబ్బంది పెట్టాల్సి వస్తోందే అని నొచ్చుకోవడం. అక్కడ హేట్ తీసేసి అబ్‌హోర్ పెడితే వాక్యం చెడిపోతుంది. మాట పాతదీ పొడుగుదీ అయినంత మాత్రాన మర్యాదగా ఉంటుందని లేదు. సమానార్థకాల పట్టిక చూసి మాట ఏరుకునే ముందు, అదే మాట ఉన్న రెండు మూడు వాక్యాలు చదవండి, దాని పక్కన ఎలాంటి మాటలు కూర్చుని ఉన్నాయో చూడండి. అబ్‌హోర్ పక్కన మీకు క్రూయెల్టీ, వయొలెన్స్, రేసిజం లాంటివే కనబడతాయి. షిఫ్టు టైమింగ్స్ కనబడవు.

ఒక చోట ఈ మాట మనిషి లేకుండా నిలబడింది, అది కూడా చెప్పాలి, మీకు ఎక్కడో ఒకచోట తప్పక ఎదురవుతుంది. 'నేచర్ అబ్‌హోర్స్ ఎ వాక్యూమ్', ప్రకృతి శూన్యాన్ని సహించదు అని. అరిస్టాటిల్ ఆలోచనల నుంచి వచ్చిన నమ్మకం ఇది. గొట్టంతో నీళ్ళు పీల్చినప్పుడు నీళ్ళు పైకి ఎందుకు వస్తాయంటే శూన్యం ఏర్పడడం ప్రకృతికి గిట్టదు కాబట్టి అని వందల ఏళ్ళు చెప్పుకున్నారు. 1643లో ఇటలీ శాస్త్రవేత్త టొరిచెల్లి ఆలోచన ప్రకారం పాదరసం నింపిన గాజు గొట్టాన్ని పాదరసం ఉన్న గిన్నెలో బోర్లిస్తే, పాదరసం సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తు దగ్గర ఆగి పైన ఖాళీ జాగా మిగిలింది. ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ తన బావగారిని 1648లో ఫ్రాన్స్‌లోని పుయ్ ద డోమ్ కొండ మీదికి పంపి అదే ప్రయోగం చేయిస్తే కొండ మీద పాదరసం ఇంకా కిందికి దిగింది. పాదరసాన్ని నిలబెడుతున్నది ప్రకృతి అసహ్యం కాదు, గాలి బరువు అని తేలింది. సైన్సులో ఆ నమ్మకం పోయింది, భాషలో వాక్యం ఉండిపోయింది. ఇప్పుడు దాన్ని ఒక పదవి ఖాళీ అయితే వెంటనే ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు అని చెప్పడానికి వాడతారు. అది స్థిరపడిపోయిన వాక్యం కాబట్టి చెల్లుతుంది, దాన్ని చూసి 'మై ల్యాప్‌టాప్ అబ్‌హోర్స్ హీట్' లాంటివి మనం తయారు చేసుకుంటే బాగుండదు.

సరే, మీ మెయిల్ సంగతి. మీ టీమ్ లీడ్ ఫోన్ చేసి అడిగారంటే మీ మంచి కోరే మనిషే. మొహమాటపడకుండా 'మాట కొంచెం పెద్దది పడిపోయింది, నా ఉద్దేశం టైమింగ్స్ కుదరడం లేదని మాత్రమే' అని చెప్పేయండి, అంతకంటే సంజాయిషీ అక్కర్లేదు. తర్వాత కొత్తగా ఒక మెయిల్ రాయండి. అందులో ఇష్టం, అయిష్టం అనే మాటలే రానివ్వకండి. హేట్ కూడా వద్దు, డిటెస్ట్ కూడా వద్దు. ఆఫీసులో మీకు ఏది నచ్చలేదో రాస్తే అవతలివాళ్ళు చెయ్యగలిగింది ఏమీ ఉండదు, ఏది కుదరడం లేదో రాస్తే చెయ్యడానికి ఏదో ఒకటి ఉంటుంది. 'ది న్యూ టైమింగ్స్ ఆర్ డిఫికల్ట్ ఫర్ మీ' అని మొదలుపెట్టి, ఎందుకు కష్టంగా ఉందో ఒక్క వాక్యం రాయండి, ప్రయాణమా, ఇంట్లో చూసుకోవాల్సినవాళ్ళు ఉన్నారా, ఆరోగ్యమా, ఉన్నదున్నట్టు. ఆ తర్వాత 'కుడ్ వి టాక్ ఎబౌట్ ఎ చేంజ్?' అని అడగండి. ఇంకొంచెం గట్టిగా ఉండాలనుకుంటే 'ఐ యామ్ ఫైండింగ్ ఇట్ హార్డ్ టు కోప్ విత్ ది న్యూ షిఫ్ట్' అనొచ్చు, నెట్టుకురాలేకపోతున్నాను అని దాని అర్థం, అందులో మర్యాదా ఉంది, ఇబ్బందీ కనబడుతుంది. స్నేహితులతో మాట్లాడుకునేటప్పుడు మాత్రం 'ఐ కాన్ట్ స్టాండ్ దిస్ షిఫ్ట్' అని హాయిగా అనుకోండి.

పాత మెయిల్‌కే రిప్లై కొట్టకండి, కింద ఆ వాక్యం మళ్ళీ కనబడుతుంది. కొత్త సబ్జెక్ట్ లైన్‌తో వేరే మెయిల్ పంపండి, టైమింగ్స్ సంగతి ఏమైందో వీలైతే నాకూ రాయండి.